పురికొసోపాఖ్యానం

పూర్వం భగీరథుడు గంగను దించాడు. రఘువు దిక్కులు గెలిచాడు. ఫ్రాంక్ స్టోబర్ పురికొస చుట్టాడు.

1953లో, అమెరికా దేశం నడిబొడ్డున, కాన్సస్ రాష్ట్రం మిచెల్ కౌంటీలో కాకర్ సిటీ అనే ఊరి దగ్గర జరిగిందీ మహాకార్యం. గడ్డిమోపులు కట్టి, విప్పి, పారేసిన కిత్తనార పురికొస ముక్కలు కొట్టం నిండా కాళ్లకు అడ్డం పడుతుంటే, రైతు స్టోబర్ వంగి ఒకదాన్ని తీశాడు. ఉండ చుట్టాడు. దాని కొసకు ఇంకో ముక్క ముడేసి మళ్లీ చుట్టాడు. ఆ వేళ దేవదుందుభులు మోగినట్టు దాఖలా లేదు. పుష్పవృష్టీ కురవలేదు. కాన్సస్‌లో ఆకాశం నుంచి కురిసేవి వేరే ఉన్నాయి, వాటి వర్ణన ముందు వస్తుంది.

కథ నడిపించే ముందు ప్రబంధ మర్యాద కోసం కుకవి నింద కానిద్దాం. ఈ కావ్యానికి కుకవులెవరంటే, ఇంటర్‌స్టేట్ 70 మీద గంటకు డెబ్బై అయిదు మైళ్ల వేగంతో కాన్సస్‌ను అడ్డంగా దాటేస్తూ "ఇక్కడ చూడ్డానికేముంది, నా మొహం!" అనేవాళ్లు. అందులో మనవాళ్లేం తక్కువ కాదు. ఓవర్లాండ్ పార్కులో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు, సెలవులొచ్చాయంటే పిల్లలకు కొండలు చూపిద్దామని కారు డెన్వర్ వైపు తిప్పి, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని, మరీ అత్యవసరమైతే తప్ప ఎక్కడా ఆగకుండా ఎనిమిది గంటల పైన తోలుకుపోతారు. కిటికీ అవతల గోధుమ, గోధుమ అవతల ఆకాశం, ఆకాశం కింద మళ్లీ గోధుమ.

వాళ్లని మాత్రం ఏం అంటాం, సాక్షాత్తూ శాస్త్రజ్ఞులే ఈ నేలను అవమానించారు. 2003లో ముగ్గురు భూగోళ శాస్త్రజ్ఞులు ఒక పాన్‌కేక్ కొని తెచ్చి, లేజర్ సూక్ష్మదర్శిని కింద పెట్టి, దాని మిట్టపల్లాలు కొలిచి, కాన్సస్ మిట్టపల్లాలతో పోల్చి, పాన్‌కేక్ కంటే కాన్ససే చదునని ఒక హాస్య విజ్ఞాన పత్రికలో ప్రకటించారు. అట్టును రాష్ట్రమంత సాగదీస్తే దాని బుడిపెలే హిమాలయాలవుతాయి కదా, ఇక ఏ దేశం మాత్రం ఓడిపోదు! మన పెసరట్టును పెట్టి కొలిచినా అదే తేలేది, ఉల్లిపాయ ముక్కల ఎత్తు వేరే లెక్క. కాన్సస్ వైపు పండితులు ఊరుకుంటారా? 2014లో ఇద్దరు భూగోళ శాస్త్రజ్ఞులు, నేల మీద నిలబడి చూసే మనిషి కంటికి ఏ రాష్ట్రం ఎంత చదునుగా ఆనుతుందో గట్టిగా లెక్కకట్టారు. మొదటి స్థానం ఫ్లారిడాకు వెళ్లింది. కాన్సస్‌ది ఏడోది. పోయిన పరువు తిరిగొచ్చినట్టా, ఉన్న ఒక్క కీర్తీ ఊడినట్టా అన్నది ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.

పర్వత వర్ణన లేదని అలంకారికులు అలగకుండా ఇక్కడే ఒక మాట. రాష్ట్రం పడమటి అంచున మౌంట్ సన్‌ఫ్లవర్ అనే మేరుపర్వతం ఉంది. ఎత్తు 4,039 అడుగులు. ఆరోహణ విధానం: కారు దిగడం. పచ్చికబీట్లో ఇనుముతో చేసి పాతిన పొద్దుతిరుగుడు పువ్వొకటి లేకపోతే, శిఖరం మీద ఉన్నామో శిఖరం వెతుక్కుంటున్నామో పర్వతారోహకుడికి తెలిసే దారి లేదు.

ఇక పుర వర్ణన. కాకర్ సిటీలో సౌధాలు మేఘాలను ఒరుసుకోవు. రథాల తొక్కిడికి రాజవీథులు ధూళి రేపవు. 2020 జనాభా లెక్కల్లో ఊరి మొత్తం మనుషులు 457 మంది. అయినా దాని పేరు "సిటీ"యే. ఆ పేరు వెనకా ఒక పురాణం ఉంది. 1870 ప్రాంతంలో ఊరు కట్టిన నలుగురికీ, ఎవరి పేరు పెట్టాలన్న దగ్గర పట్టుదలలు వచ్చాయట. మనవాళ్లయితే ముహూర్తం పెట్టించేవారు, లేదా కోర్టుకెక్కేవారు. వాళ్లు పేకముక్కలు పంచుకున్నారు. మిల్వాకీ నుంచి వచ్చిన ఇ. హెచ్. కాకర్ గెలిచాడు, ఊరు కాకర్ సిటీ అయింది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజుకు పద్దెనిమిది పర్వాలు దక్కాయి. జూదంలో ఊరి పేరు గెలుచుకున్న కాకర్‌కు దక్కింది దారి పక్కన ఒక పచ్చబోర్డు.

ఆ ఊరికి కొద్ది మైళ్ల దూరంలో ఒకప్పుడు నిజంగానే కావ్యానికి తగిన వస్తువు ఉండేది. నలభై అడుగుల ఎత్తున గుండ్రటి దిబ్బ, దాని నెత్తి మీద యాభై అడుగుల వెడల్పున నిండుగా ఒక ఉప్పునీటి బుగ్గ. ఏ సముద్రమూ వందల మైళ్ల దాపులో లేని ఆ గడ్డినేలలో ఉప్పునీళ్లు వాటంతటవే పైకి ఊరేవి. వకోండా బుగ్గ అనేవారు. పానీ, కాన్సా మొదలైన మైదాన తెగల ప్రజలకు అది దైవస్థానం. అక్కడికొచ్చి మొక్కులు చెల్లించేవారు. వైరి తెగ యువకుణ్ని ప్రేమించిన వకోండా అనే రాకుమారి కథను తెల్లవాళ్లు చెప్పుకునేవారు: పోరులో గాయపడి అతడు కొలనులో పడిపోతే ఆమె కూడా వెనకే దూకేసిందట. ఇలాంటి ప్రేమకథలు చాలావాటిలో తెగలవాళ్ల మాట ఎంతో, హోటళ్లవాళ్ల కల్పన ఎంతో విడదీయడం కష్టం. 1880ల నుంచి అక్కడ ఆరోగ్యధామం నడిచింది మరి. బుగ్గనీళ్లు సీసాల్లో పట్టి అమ్మారు. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆ నీళ్లకు పతకం కూడా వచ్చింది. తర్వాత వరదలు ఆపడానికి ప్రభుత్వం గ్లెన్ ఎల్డర్ ఆనకట్ట తలపెట్టింది. 1960ల్లో ఆరోగ్యధామం కట్టడాలను కూల్చి, శిథిలాలను బుగ్గలోకే తోసేశారు. పైన జలాశయం నిండింది. ఇప్పుడు ఆ నీళ్ల మీద పడవల్లో చేపలు పడతారు. ఈ ఒక్క చోట నా ఎగతాళి నోరు పెగలదు. దైవస్థానాన్ని ముంచి, ముంచిన చెరువుకు ఆ వకోండా పేరే పెట్టడం ఎవరూ ప్రత్యేకంగా హాస్యం చేయనక్కరలేని పని.

బుగ్గ మునిగింది. కాకర్ సిటీకి యాత్రికులను రప్పించే భారం పురికొస మీద పడింది.

ఆ పురికొస బంతి దినదిన ప్రవర్ధమానమైంది. పూర్ణిమ దాకా పెరిగి తరిగిపోవడం చంద్రుడికి అలవాటు, దీనికి ఆ కృష్ణపక్షం లేదు. 1957 నాటికి, అంటే నాలుగేళ్లలో, బరువు 5,000 పౌన్లు, ఎత్తు ఎనిమిది అడుగులు, చుట్టిన పురికొస 11,75,180 అడుగులు. ఆ చివరి నూట ఎనభై అడుగులను కూడా వదలకుండా లెక్క పెట్టిన ఓపికకు వేరే దండం పెట్టాలి. క్షీరసాగరాన్ని చిలికిన నాడు వాసుకి తలవైపు దానవులు, తోకవైపు దేవతలు నిలబడ్డారు. స్టోబర్‌కు అటూ ఇటూ కూడా స్టోబరే. చిలికితే వాళ్లకు కామధేనువు వచ్చింది, ఐరావతం వచ్చింది, చివరికి అమృతమూ వచ్చింది. స్టోబర్‌కు కొట్టం శుభ్రమైంది. ఇంట్లో వాళ్లకు ఆ మాత్రం చాలేమో!

1961లో కాన్సస్ రాష్ట్రానికి నూరేళ్లు నిండాయి. ఆ ఏడు స్టోబర్ ఆ బంతిని ఊరికి ధారపోశాడు. అప్పటికి ఇంటి వస్తువు ఊరి సొత్తయింది. అయినా చుట్టడం మానలేదు. 1974లో కన్నుమూసేనాటికి దాని అడ్డుకొలత పదకొండు అడుగులు, పురికొస 16 లక్షల అడుగులు.

పదకొండు. ఆ అంకె దగ్గరే ఉంది విషాదం. ఎందుకంటే ఉత్తరాన మిన్నెసోటా రాష్ట్రంలో, డార్విన్ అనే ఊళ్లో, పన్నెండు అడుగుల బంతి తయారవుతోంది.

ప్రతినాయకుడు లేని కావ్యం చప్పగా ఉంటుంది, కాబట్టి ఇక్కడ ఫ్రాన్సిస్ జాన్సన్ ప్రవేశించాలి. కాలక్రమంలో చూస్తే నిజానికి ఆయనే ముందు. 1950 మార్చిలోనే మొదలుపెట్టాడు. రాజవంశం కూడా: తండ్రి మాగ్నస్ జాన్సన్ స్వీడన్‌లో పుట్టి, మిన్నెసోటా రైతు అయి, అమెరికా సెనేట్ దాకా ఎక్కినవాడు. కొడుకు వాషింగ్టన్ కేసి చూడలేదు, నార కేసి చూశాడు. మొదట ఇరవై మూడు వారాలు రోజుకు నాలుగేసి గంటల చొప్పున చుట్టాడు. బంతి పెరిగి కదలనని మొరాయించాక, చుట్టు అన్ని వైపులా సమంగా పడడానికి రైల్వే జాకీలు పెట్టి ఎత్తి తిప్పాడు. గోవర్ధనగిరిని చిటికెన వేలి మీద ఎత్తినవాడికి వానను ఆపే అవసరమైనా ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు గడిచేసరికి ఆ గోళం పన్నెండు అడుగులు, 17,400 పౌన్లు. గుండ్రంగా, పొందిగ్గా ఉంటుంది. అందం మాటకొస్తే, కాకర్ సిటీ వాళ్లు నన్ను మన్నించాలి, డార్విన్‌దే పైచేయి.

స్టోబర్ పోయాక కథ ముగిసిందని డార్విన్ వాళ్లు అనుకున్నారో ఏమో గాని, కాకర్ సిటీ అనుకోలేదు. నాయకుడు నేలకొరిగితే సేన పారిపోవడం ఇతిహాస సంప్రదాయం. ఇక్కడ సేన మొత్తం వచ్చి పురికొస పట్టుకుంది. ఏటా ఆగస్టులో ఊరి వనభోజనాల వేళ "ట్వైన్ ఏ థాన్" అని పండగ చేసి, ముసలివాళ్లు, పిల్లలు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు, దారిన పోయేవాళ్లు అంతా తలో నాలుగు చుట్లు చుడతారు. ఇప్పటికి మొత్తం 80 లక్షల అడుగులు దాటింది. విప్పి తూర్పుకు పరిస్తే న్యూయార్క్ చేరాక కూడా కొంత మిగులుతుంది. అలా విప్పుదామన్న ఆలోచన ఊళ్లో ఎవరికీ రాకూడదని కోరుకుందాం. టన్నుల కొద్దీ బరువుకు బంతి కింద కుంగి, పక్కలకు ఒరిగి, మధ్యవయసు దాటిన గృహస్థు ఆకారం పొందింది. ఎండకు ఎండకుండా, వానకు తడవకుండా దానికి పైకప్పు వేశారు. గోడలు కట్టలేదు, ఎందుకంటే గోడలు కడితే బంతి పెరగడానికి చోటెక్కడిది?

తర్వాత యుద్ధం ముదిరింది. టెక్సస్‌లో ఒకాయన ప్లాస్టిక్ తాడుతో ఇంకా పెద్ద ఉండ చుట్టేశాడు. అది మిజోరీ రాష్ట్రంలోని బ్రాన్సన్‌లో ఒక మ్యూజియానికి చేరింది. విస్కాన్సిన్‌లో తాగుడు మానేసిన ఒకాయన 1979 నుంచి 2023లో చనిపోయేదాకా ఒంటరిగా చుట్టి, అన్నిటికన్నా బరువైనది తనదే అన్నాడు. ఇలాంటి యుద్ధంలో రక్తపాతం ఉండదు, విశేషణపాతం ఉంటుంది. "ఒక్క మనిషి చుట్టినవాటిలో అతి పెద్దది" అని డార్విన్. "ఊరంతా కలిసి చుట్టినవాటిలో అతి పెద్దది" అని కాకర్ సిటీ. "అతి బరువైనది" అని విస్కాన్సిన్. ఎవరి బిరుదుకు వాళ్లు ఒక మాట అటు జరుపుకుని, ఇటు జరుపుకుని సర్దుకున్నారు. గండపెండేరం ఎవరి కాలికి తొడగాలో తేలని సభల్లో మన కవులు కూడా సరిగ్గా ఇదే పద్ధతిలో రాజీపడి ఉంటారు. ప్లాస్టిక్ సంగతి మాత్రం కిత్తనార వాళ్లంతా ఏకగ్రీవంగా తోసిపుచ్చారు. ఆ తీర్పుతో నేనూ ఏకీభవిస్తున్నాను.

కాకర్ సిటీ కాలిబాటల మీద పురికొసలా ఒక గీత పొడుగునా పాకుతుంది. దుకాణాల అద్దాల వెనక ప్రపంచ ప్రసిద్ధ చిత్రాల నకళ్లు పెట్టారు, వాటిలో పురికొస బంతి ఎక్కడో ఒకచోట దూరి ఉంటుంది. మోనాలిసా కూడా తప్పించుకోలేదు.

రాజధాని అయింది, ఇక సామంత రాజ్యాలు. కాకర్ సిటీకి వాయవ్యంగా లెబనాన్ అనే ఊరుంది. 1918లో దేశపు సర్వే శాఖ అమెరికా పటాన్ని అట్టముక్కలో కత్తిరించి, మొన మీద నిలబెట్టి, ఎక్కడ తూగుతుందో చూసి, దేశానికి బొడ్డు ఇక్కడ ఉందని చెప్పింది. విశ్వానికి నాభి విష్ణువుది, అందులోంచి పద్మం పుట్టింది. అమెరికాకు నాభి ఒక రైతు పందుల దొడ్డిలో తేలింది. స్మారక స్తంభం కడతామంటే, యాత్రికుల తొక్కిడి నా పందులకు వద్దన్నాడాయన. చివరికి అర మైలు పైచిలుకు అవతల, ఎవరికీ అభ్యంతరం లేని చోట, 1940 ప్రాంతంలో రాళ్లు పేర్చి స్తంభం కట్టి, జెండా ఎగరేశారు. పక్కన బుల్లి ప్రార్థన మందిరం కూడా ఉంది. ఆపైన 1959లో అలాస్కా, హవాయి వచ్చి యూనియన్‌లో చేరాయి. బొడ్డు కాస్తా దక్షిణ డకోటాకు జరిగిపోయింది. లెబనాన్ చలించలేదు. "ఒకదానికొకటి ఆనుకుని ఉన్న నలభై ఎనిమిది రాష్ట్రాలకు" కేంద్రం అని ఒక్క మాట చేర్చుకుని, సింహాసనం మీద అలాగే కూర్చుంది. పదవి పోయినా పేరు ముందు "మాజీ" పెట్టుకోకుండా గడపడం ఎంత పెద్ద విద్యో మనకు చెప్పాలా!

వన వర్ణన చేయడానికి ఈ ప్రాంతంలో వనం లేదు. గడ్డి పెరిగే నేల, చెట్టు అరుదు. 1870ల్లో వచ్చిన కాపురస్తులకు పశువుల కంచెకు గుంజ కావాలన్నా కర్ర దొరకలేదు. నేల కొంచెం తవ్వితే, అడుగు కూడా మందం లేని సున్నపురాతి పొర ఒకటి కనిపించింది. తవ్వినప్పుడు మెత్తగా కోతకు లొంగి, గాలి తగిలాక గట్టిపడే సద్గుణం దానిది. వరసగా బెజ్జాలు వేసి, చీలలు దిగగొట్టి, నిలువునా చీల్చి గుంజలు చేశారు. చలికాలంలో ఆ బెజ్జాల్లో నీళ్లు పోసి, రాత్రి అవి గడ్డకట్టి రాయిని పగలగొట్టేదాకా తాము నిద్రపోయినవాళ్లూ ఉన్నారు. పని చేయించుకోవడంలో ప్రకృతిని కూలికి పెట్టిన ఘనత ఇది. ఒక్కో గుంజ బరువు 250 నుంచి 450 పౌన్లు. మైళ్ల పొడుగున, గోధుమ రంగు చార నడుమున మెరుస్తూ, ఇవాళ్టికీ ఆ రాతి గుంజలు నిలబడి ఉన్నాయి. కాకతీయులకు వేయి స్తంభాల గుడి కట్టించడానికి శిల్పులున్నారు, సైన్యముంది, ఖజానా ఉంది. ఇక్కడ లక్షల స్తంభాలు పాతింది ఆవు పక్కింటి మొక్కజొన్నలో పడకుండా ఉండడానికి.

స్తంభానికి తీగ కావాలి. ఇల్లినాయ్ రైతు జోసెఫ్ గ్లిడెన్ 1874లో ముళ్లతీగకు పేటెంటు తీసుకున్నాడు, మైదానమంతా ముళ్లల్లుకుంది. దక్షిణాన లాక్రాస్ అనే ఊళ్లో ముళ్లతీగకు ఒక మ్యూజియమే కట్టి, రెండు వేలకు పైగా రకాలు ముక్కలు ముక్కలుగా అద్దాల వెనక మేకులు కొట్టి పెట్టారు. చూసేవాడికి మొదటి ఇరవైకే కళ్లు తిరుగుతాయి. కాని అక్కడ ఒక వస్తువు దగ్గర ఎవరైనా ఆగుతారు: మాలకాకి కట్టుకున్న గూడు. చెట్టు లేని దేశంలో పుల్ల దొరక్క ఆ పక్షి ముళ్లతీగ ముక్కలే ఏరి తెచ్చి అల్లుకుంది. భీష్ముడి అంపశయ్య వీరగాథ. ఈ గూట్లో గుడ్లు పొదిగిన తల్లికి ఇంకా ఏ కవీ పుట్టలేదు.

ఇప్పుడు ఆకాశం కురిపించేవి. 1874 జులై ఆఖరున పడమటి నుంచి ఒక మేఘం వచ్చింది. సూర్యుణ్ని కమ్మింది. వాన అనుకున్నవాళ్ల నెత్తిన మిడతలు పడ్డాయి. అవి పైరు తిన్నాయి, ఉల్లిగడ్డలు నేలలోంచి తొలిచి తిన్నాయి, ఆరేసిన బట్టలు, గుర్రాల తోలు పట్టాలు, మనిషి చెమట ఉప్పు పట్టిన పారల కర్రపిడులు కూడా వదల్లేదు. పట్టాల మీద నలిగిన మిడతల జిగురుకు రైళ్లు జారి ఆగిపోయాయి. ఇనప రథాన్ని ఆపిన కీటకసేన వేరే ఏ పురాణంలోనూ నేను చూడలేదు. పక్కనున్న నెబ్రాస్కా 1877లో చట్టం చేసి, పదహారు నుంచి అరవై ఏళ్ల మగవాళ్లంతా మిడతల మీద యుద్ధానికి రావాలంది. కాని ఆ సేనను గెలిచింది చట్టం కాదు. అవి గుడ్లు పెట్టే కొండలోయలను సెటిలర్లు నాగళ్లతో దున్నేయడమే కారణమని చాలామంది పరిశోధకులు చెబుతారు. 1902 తర్వాత ఆ జాతి మిడత ప్రాణంతో ఎవరికీ కనిపించలేదు. రాష్ట్రాలను మింగిన అక్షౌహిణులు, ఇరవై ఎనిమిదేళ్లలో లేకుండా పోయాయి.

కాన్సస్ మనిషి ఇంత దెబ్బ తిన్నాక ఏం చేశాడు? పోస్టుకార్డు అచ్చేశాడు. 1935లో ఇంకో రకం మిడతలు విరుచుకుపడితే, గార్డెన్ సిటీలో ఫ్రాంక్ కోనార్డ్ అనే ఆయన ఫొటోలు కత్తిరించి అతికించి, గుర్రమంత మిడతలను తయారుచేశాడు. వాటిని జనం వేటాడుతున్నట్టు, లొంగదీసుకుంటున్నట్టు బొమ్మలు. అప్పుల్లో కూరుకున్న రైతులు ఆ కార్డులు కొని బంధువులకు పంపుకున్నారు. చేను పోయిన ఏడాది అది.

సుడిగాలుల సంగతికొస్తే ఒక్క ఊరు చాలు. రూక్స్ కౌంటీలో కోడెల్ అనే పల్లె. 1916 మే 20న సుడిగాలి వచ్చింది. 1917 మే 20న వచ్చింది. 1918 మే 20న కూడా వచ్చింది, మూడోసారి మనుషుల్నీ తీసుకుపోయింది. యముడి దగ్గర కూడా ఇంత కచ్చితమైన పంచాంగం ఉండదు. నాలుగో ఏడు ఆ తేదీన ఊరివాళ్లు కళ్లు ఆకాశం మీద పెట్టి కూర్చున్నారంటే వాళ్లను పిరికివాళ్లు అనగలమా?

ఇంతసేపూ నేను కావ్యం రాస్తున్నానని మురిసిపోతున్నాను గాని, ఈ ప్రాంతంలో ఆ పని నాకంటే ముందే ఒకాయన చేశాడు, పైగా సిమెంటుతో. లూకస్ అనే ఊళ్లో, ఇప్పటికీ అక్కడ నాలుగు వందల మంది లేరు, ఎస్. పి. డిన్స్‌మూర్ అనే అంతర్యుద్ధ సైనికుడు ముసలితనంలో సున్నపురాతిని కొయ్యదుంగల్లా కోసి ఇల్లు కట్టి, 1907 నుంచి చుట్టూ ఈడెన్ తోట పోతపోయడం మొదలుపెట్టాడు. 113 టన్నుల సిమెంటు. ఆదాము, అవ్వ, పాము, కయీను, హేబెలు, దెయ్యం, ఆకాశాన కన్ను. ఒక మూల శ్రమజీవిని సిలువ వేస్తుంటారు. వేసేవాళ్లు లాయరు, డాక్టరు, మతబోధకుడు, బ్యాంకరు. ఆయన రాజకీయం అదీ. మొదటి భార్య చనిపోతే ఊరి శ్మశానంలో పాతిపెట్టారు. తోటలో తాను కట్టిన సమాధి మందిరంలోకి తెస్తానంటే ఊరు ఒప్పుకోలేదు. రాత్రివేళ తవ్వి తెచ్చి, మళ్లీ ఎవరూ తీయకుండా పైన సిమెంటు పోసేశాడు. ఎనభై ఒకటో ఏట ఇరవై ఏళ్ల అమ్మాయిని పెళ్లాడాడు, పిల్లలను కన్నాడు. శవపేటికలో పడుకున్న తనను తానే నిలబడి చూస్తున్నట్టు ఫొటో కూర్పించి అమ్ముకున్నాడు. 1932లో నిజంగానే పోయాడు. అద్దం మూత పేటికలో ఇప్పటికీ ఉన్నాడు. డాలరు తీసుకోకుండా నన్ను ఎవరికీ చూపించొద్దని ముందే రాసిపెట్టాడు. చిరంజీవులు ఏడుగురని మనం లెక్క కట్టుకున్నాం. టిక్కెట్టు పెట్టి ఆ పదవి నడిపినవాడు ఈయనొక్కడే.

లూకస్‌లోనే ఇంకో మ్యూజియం ఉంది. "ప్రపంచంలోకెల్లా పెద్ద వస్తువుల, ప్రపంచంలోకెల్లా చిన్న నమూనాల, ప్రపంచంలోకెల్లా పెద్ద సేకరణ" అని దాని పేరు. అంత పొడుగు సమాసం అల్లసాని వారికి కూడా జంకు పుట్టిస్తుంది. అమెరికా పల్లెల్లో దారి పక్కన పెద్దగా కట్టి నిలబెట్టినవి ఉంటాయే, వాటన్నిటినీ ఒక కళాకారిణి వేళ్లంత బొమ్మలుగా చేసి, అసలు వస్తువు దగ్గరికి తీసుకెళ్లి పక్కన పెట్టి ఫొటో తీసి, తెచ్చి అలమారలో పెడుతుంది. కాకర్ సిటీ బంతి కూడా అక్కడ అరచేతిలో పట్టేంత ఉంది. స్టోబర్ మొదటిరోజు సాయంత్రం చుట్టినంత.

ఈ మనుషులను వెక్కిరించబోయి నేను గెలవలేకపోయింది ఇక్కడే. తమ పురికొస కథ ఎంత చిన్నదో వాళ్లకు బాగా తెలుసు, నవ్వూ వస్తుంది. నవ్వుతూనే ఆగస్టు రాగానే వెళ్లి ఇంకో చుట్టు వేస్తారు. పెద్దరికం కోసం పెద్దవి కట్టినవాళ్ల మీద ఎగతాళి పనిచేస్తుంది. వీళ్ల మీద జారిపోతుంది.

ఫలశ్రుతి. ఈ ఉపాఖ్యానం చదివినవారు, విన్నవారు, ఇంటర్‌స్టేట్ 70 మీద విల్సన్ దగ్గర దిగండి. ఇరవై అడుగుల చెక్ గుడ్డు ఒకటి ఊళ్లో నిలబడి ఉంటుంది, అది చూసి ఉత్తరానికి పోండి. దారి పొడుగునా రాతి గుంజలు. పద్దెనిమిది మైళ్లలో లూకస్. అక్కడి నుంచి గంట ప్రయాణంలో కాకర్ సిటీ. లూకస్ నడివీథిలో 2012లో ఊరివాళ్లు ఒక ప్రజా మరుగుదొడ్డి కట్టుకున్నారు. అచ్చంగా కమోడు ఆకారంలో, ఎత్తిన మూతతో సహా, గాజుపెంకులూ రంగు రాళ్లూ పొదిగి, దేవాలయం గోడకు పట్టే శ్రద్ధ పట్టి కట్టారు. కాన్సస్‌లో మీరు ఎలాగూ ఆగేది దానికోసమే కదా, ఇక్కడ ఆగండి.